పిండి కాటా కొనేముందు ఈస్ట్ లెక్క చూసుకోండి

బేకరీకో పెద్ద వంటశాలకో కాటా కొనబోయేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఎన్ని కిలోల దాకా తూస్తుంది?" అని. అసలు అడగాల్సింది రెండో కొసన ఉంది. మీరు తూచే సరుకుల్లో అన్నిటికన్నా తేలికైనది ఏది, దాన్ని ఈ కాటా ఎంత కచ్చితంగా చెప్పగలదు? పది కిలోల మైదాలో ఇరవై గ్రాములు అటో ఇటో అయితే పిండికి తెలియను కూడా తెలియదు. ఈస్ట్‌లో ఇరవై గ్రాములు తేడా వస్తే ఆ వాయి మొత్తం చేతికి రాదు.

మామూలు బ్రెడ్ లెక్క ఒకటి తీసుకుందాం. బేకర్ల శాతాల్లో మైదా ఎప్పుడూ 100. దాని మీద నీళ్లు 65, ఉప్పు 2, ఇన్‌స్టంట్ ఈస్ట్ 0.5. అంటే 10 కిలోల మైదాకు 6.5 కిలోల నీళ్లు, 200 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల ఈస్ట్. మొత్తం 16.75 కిలోల పిండి. ఒకే వాయిలో అతి పెద్ద తూకం అతి చిన్న తూకానికి 200 రెట్లు. కాటా ఎంపికలో చిక్కంతా ఈ 200 రెట్లలోనే ఉంది. ఒక్క కాటాతో రెండు కొసలూ అందుకోవాలని చూసినచోటే డబ్బు వృథా అవుతుంది.

మెట్టు అంటే ఏమిటి

కాటా మీద అంకె ఒకసారి మారినప్పుడు ఎన్ని గ్రాములు దూకుతుందో దాన్ని ఇక్కడ మెట్టు అంటాను. కాటాకు అతికించిన రేకు మీద దీన్ని 'డి' అనే అక్షరంతో చూపిస్తారు. తనిఖీకి ఆధారంగా తీసుకునే మెట్టు 'ఈ'. వ్యాపారానికి వాడే మామూలు కాటాల్లో చాలావరకు రెండూ ఒకటే. అమ్మేవాళ్లు దీన్నే "అక్యురసీ" అంటుంటారు. ఆ మాట పట్టుకుని కొనకండి. 1 గ్రాము మెట్టు చూపించడం వేరు, 1 గ్రాము దాకా నిజం చెప్పడం వేరు.

తూనికలకు సంబంధించిన అంతర్జాతీయ సంస్థ ఓఐఎంఎల్, తన ఆర్76 నియమావళిలో కాటాలను నాలుగు తరగతులుగా విడదీసింది. వంటశాలల్లో, దుకాణాల్లో కనిపించేవి దాదాపు అన్నీ మూడో తరగతివి. ఈ తరగతి కాటాకు మొత్తం మెట్లు 10,000 మించకూడదు. కొత్త కాటాను తనిఖీ చేసేటప్పుడు 500 మెట్ల వరకు అర మెట్టు, అక్కడి నుంచి 2,000 మెట్ల వరకు ఒక మెట్టు, ఆపైన ఒకటిన్నర మెట్టు తప్పు ఉండొచ్చు. వాడకంలోకి వచ్చాక దీనికి రెట్టింపు దాకా ఒప్పుకుంటారు. ఇంకో ముఖ్యమైన అంకె 'మిన్'. ఈ తరగతిలో అది 20 మెట్లు. అంతకన్నా తక్కువ బరువును ఆ కాటా మీద తూచకూడదని అర్థం.

ఇప్పుడు మన 50 గ్రాముల ఈస్ట్‌ను 15 కిలోల, 5 గ్రాముల మెట్టున్న కాటా మీద పెడదాం. దాని మిన్ 100 గ్రాములు. అంటే ఆ ఈస్ట్‌ను నా మీద తూచొద్దు అని కాటా రేకు మీదే రాసుంది. అయినా తూస్తే ఏమవుతుంది? తెర మీద 50 అని ఉన్నప్పుడు అసలు బరువు 47.5 నుంచి 52.5 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అది అంకెల సర్దుబాటు వల్ల మాత్రమే. కాటాకు అనుమతించిన తప్పు ఇంకో రెండున్నర, వాడిన కాటాకైతే ఐదు గ్రాములు. 50 గ్రాముల్లో ఐదు గ్రాములంటే పదోవంతు. ఈస్ట్ పదోవంతు పెరిగితే పిండి అనుకున్నదానికన్నా ముందే పొంగి, ఓవెన్ ఖాళీ అయ్యేసరికి ఉండలు మెత్తబడి వాలిపోతాయి. తగ్గితే ఓవెన్ వేడెక్కి సిద్ధంగా ఉన్నా ఉండలు ఇంకా బిగుసుకునే ఉంటాయి. రోజూ అదే కొలత, అదే పిండి, అదే మనిషి. అయినా ఒక రోజు ఒకలా, మరో రోజు మరోలా వస్తోందని తలపట్టుకునే చోట్ల మొదట చూడాల్సింది ఈస్ట్ తూచే కాటా మెట్టునే.

నేను వాడే లెక్క సులువు. ఏ సరుకైనా దాన్ని తూచే కాటాలో కనీసం 50 మెట్లు ఉండాలి. ఉప్పు లాంటివాటికి 100 మెట్లుంటే ఇంకా మేలు. 50 మెట్లుంటే ఒక మెట్టు తప్పుకు 2 శాతం తేడా వస్తుంది. అంతకుమించి తేడా రాకుండా చూసుకోవచ్చు. 50 గ్రాముల ఈస్ట్‌కు 1 గ్రాము మెట్టు సరిపోతుంది. రాత్రంతా నాననిచ్చే ముందస్తు పిండిలో 2 కిలోల మైదాకు ఒకటి రెండు గ్రాముల ఈస్ట్ మాత్రమే వేస్తారు. అక్కడ 0.1 గ్రాము మెట్టు కూడా చాలదు, 0.01 గ్రాము మెట్టున్న బుల్లి కాటా కావాలి.

ఈ లెక్క తెలిశాక "30 కిలోలు, 1 గ్రాము" అని రాసిన పెట్టె చూస్తే వెంటనే అనుమానం రావాలి. అది 30,000 మెట్లు. మూడో తరగతికి అది కుదరదు. అయితే అది రెండో తరగతికి చెందిన ఖరీదైన కాటా అయినా అవ్వాలి, లేదా తనిఖీ లేకుండా తెర మీద అంకెలు మాత్రం సన్నగా చూపించేదైనా అవ్వాలి. రేకు మీద 'ఈ' విలువ, తరగతి గుర్తు వెతకండి. లేకపోతే ఆ ఒక్క గ్రాము మీద భరోసా పెట్టుకోకండి.

ఒకటి కాకుండా రెండు కాటాలు కొనమని నా గట్టి సలహా. మైదా, నీళ్లకు 30 కిలోల కాటా, మెట్టు 5 లేదా 10 గ్రాములు. ఉప్పు, చక్కెర, 50 గ్రాములకు తగ్గని ఈస్ట్, ఉండలు: వీటికి 6 కిలోల కాటా, మెట్టు 1 గ్రాము. ఈస్ట్ అంతకన్నా తక్కువగా వాడే వాయిలుంటే మూడోది, అరకిలో తూగే 0.01 గ్రాముది. ఈ మూడోది ఖరీదైనది కానక్కర్లేదు, కానీ మూత ఉన్నది తీసుకోండి. లేకపోతే ఫ్యాన్ గాలికే అంకె నిలవదు.

పెద్ద కాటా సామర్థ్యం లెక్కేసేటప్పుడు గిన్నెను మరిచిపోతారు. టేర్ నొక్కితే తెర మీద గిన్నె బరువు పోతుంది గానీ కాటా మోసే బరువులో అది అలాగే ఉంటుంది. 4 కిలోల గిన్నెలో 16.75 కిలోల పిండి అంటే 20.75 కిలోలు. 20 కిలోల కాటా అక్కడికి చేరకముందే గీతలు చూపించి ఆగిపోతుంది.

గిన్నెలో 10 కిలోల మైదా ఉండగానే దాని మీదే ఈస్ట్ తూచి వేయడం పెద్ద పొరపాటు. పెద్ద బరువు కింద కాటాకు అనుమతించిన తప్పు కూడా పెద్దదవుతుంది. పైగా ఎక్కువ పడితే తిరిగి తీయలేరు. చిన్న సరుకులు చిన్న కాటా మీద విడిగా గిన్నెల్లో తూచి, వరసగా పెట్టుకుని, అప్పుడు కలపండి. నీళ్లను కూడా కొలపాత్రతో కాకుండా కాటాతోనే తూచండి.

తప్పుల్లోనూ రకాలున్నాయి. కాటా అన్ని బరువులనూ ఒకే శాతం ఎక్కువో తక్కువో చూపిస్తే పిండికి పెద్ద నష్టం లేదు, సరుకుల మధ్య నిష్పత్తి చెడదు. సున్నా జరిగిపోతేనే ప్రమాదం. 5 గ్రాములు జరిగిన సున్నా మైదాలో కనిపించదు, ఈస్ట్‌లో పదోవంతు తినేస్తుంది. అందుకే ప్రతి తూకానికి ముందు తెర మీద సున్నా ఉందో లేదో చూసే అలవాటు, కాటాను ఏడాదికోసారి సరిచేయించడం కన్నా ఎక్కువ కాపాడుతుంది.

ఉండలు కోసే బల్ల దగ్గర

ఇక్కడ కాటాకు పని వేరు. సన్నదనంతో పాటు వేగమూ కావాలి.

ముందు ఎంత బరువు కోయాలో తేల్చుకోవాలి. కాలిన బ్రెడ్ 400 గ్రాములు ఉండాలి, కాల్చడంలో, చల్లారడంలో 12 శాతం పోతుంది అనుకోండి. చాలామంది 400 మీద 12 శాతం కలిపి 448 గ్రాములు కోస్తారు. 448లో 12 శాతం పోతే మిగిలేది 394. తప్పు ఎక్కడంటే, పోయేది పచ్చిపిండిలో 12 శాతం, కాలిన బ్రెడ్‌లో కాదు. సరైన లెక్క 400ను 0.88తో భాగించడం: 455 గ్రాములు. ఈ 12 శాతం కూడా ఎవరో చెప్పింది తీసుకోకండి. బ్రెడ్ ఆకారం, ఓవెన్, కాల్చే సమయాన్ని బట్టి మారుతుంది. పది ఉండలు కాల్చకముందు తూచి, కాల్చి పూర్తిగా చల్లారాక మళ్లీ తూచండి. వేడిగా ఉన్నప్పుడే తూస్తే లెక్క తప్పుతుంది, చల్లారేదాకా ఆవిరి పోతూనే ఉంటుంది.

మొగ్గు ఇస్తే ఎంత పోతుందో చూడండి. 80 గ్రాముల బన్ను ఒక్కోటి 4 గ్రాములు ఎక్కువ కోస్తే వెయ్యి బన్నులకు 4 కిలోలు. అది 50 బన్నుల పిండి. తక్కువ కోస్తే కొనేవాడికి అన్యాయం. రెండూ కలిసి ఒకే ట్రేలో 70 గ్రాములది, 90 గ్రాములది పక్కపక్కన ఉంటే చిన్నది ఎండిపోయేసరికి గానీ పెద్దది లోపల ఉడకదు. కాల్చేవాడి చేతిలో దానికి మందు లేదు.

ఉండల కాటాలో అంకె ఎంతసేపటికి నిలుస్తుందో చేతి గడియారంతో చూసి కొనండి. అర సెకనులో నిలిచేదానికీ రెండు సెకన్లు తీసుకునేదానికీ తేడా ఒకటిన్నర సెకను. వెయ్యి ఉండలకు 1,500 సెకన్లు, అంటే 25 నిమిషాలు. ఆ 25 నిమిషాల్లో మొదట కోసిన ఉండ పులుస్తూనే ఉంటుంది. మొదటి ట్రే, చివరి ట్రే ఒకేలా రాకపోవడానికి ఇదీ ఒక కారణమే. చాలా కాటాల్లో ఈ వేగాన్ని మార్చే ఫిల్టర్ అమరిక లోపల ఉంటుంది. ఫిల్టర్ తగ్గిస్తే అంకె తొందరగా నిలుస్తుంది, కానీ బల్ల అదిరితే గెంతుతుంది. పెంచితే నిదానం. కాబట్టి ముందు బల్లను గట్టిగా నిలబెట్టి, ఆ తర్వాత ఫిల్టర్ తగ్గించండి.

తక్కువ, సరి, ఎక్కువ అని మూడు రంగుల దీపాలు చూపించే చెక్‌వేయింగ్ సదుపాయం ఉండల పనికి నిజంగా అక్కరకొస్తుంది. అంకె చదవకుండా రంగు చూసి చెయ్యి పోతుంది. అయితే హద్దులకన్నా మెట్టు సన్నగా ఉండాలి. 80కి అటూ ఇటూ 2 గ్రాములు హద్దు పెట్టి, 1 గ్రాము మెట్టున్న కాటా వాడితే 78 నుంచి 82 దాకా ఐదు అంకెలు కనిపిస్తాయి. 5 గ్రాముల మెట్టు కాటాలో ఆ హద్దులకు అర్థమే లేదు, 80 అంకె ఒక్కటే లోపల పడుతుంది, దాని కింద 77.5 నుంచి 82.5 దాకా అన్నీ దాక్కుంటాయి.

బాగా నీరున్న, చేతికి అంటుకునే పిండికి తీసేసే తూకం మేలు. పిండి పెట్టెను మొత్తం కాటా మీద పెట్టి టేర్ నొక్కండి. ముక్క కోసి తీస్తే తెర మీద మైనస్ గుర్తుతో తీసినంత బరువు వస్తుంది. మళ్లీ టేర్, మళ్లీ కోత. ముక్క పళ్లెం మీద పెట్టి తీయడం ఉండదు, కాటా శుభ్రంగా ఉంటుంది. ఇందుకు మైనస్ అంకెలు వెలుగుతూ నిలిచే కాటా కావాలి. కొన్ని చవక కాటాలు సున్నా కిందికి వెళ్లగానే తప్పు గుర్తు చూపిస్తాయి.

సరిపెట్టడానికి ఉండకు అంటించే తుంపులు రెండుకు మించితే కోసేవాడి చెయ్యి ఇంకా కుదురుకోలేదని అర్థం. తుంపును ఉండ కింది వైపు, మడతలోకి పోయేలా అంటించాలి. పైన అంటిస్తే పొంగేటప్పుడు అక్కడే చీలుతుంది.

ముద్దను ఒకేసారి సమాన ముక్కలుగా నొక్కి కోసే ప్రెస్ డివైడర్ వాడేచోట సంగతి మారుతుంది. 36 ముక్కల ప్రెస్‌లో 60 గ్రాముల ఉండలు కావాలంటే 2,160 గ్రాముల ముద్ద పెడతారు. 5 గ్రాముల తప్పు 36 ముక్కలకు పంచుకుంటే ఒక్కోదానికి 0.14 గ్రాము. ఇక్కడ సన్నని కాటాకు డబ్బు పెట్టక్కర్లేదు. ముక్కల మధ్య తేడా ప్రెస్ నుంచి, పిండి పరిచిన తీరు నుంచి వస్తుంది. ఆ తేడా పట్టుకోవడానికి మాత్రం మధ్యలోవి, అంచులవి కొన్ని తీసి 1 గ్రాము కాటా మీద తూచి చూస్తుండాలి.

కాటా ఎందుకు చస్తుంది

కాటా గుండె లోడ్ సెల్. పళ్లెం కింద ఒక లోహపు కడ్డీ, దానికి అతికించిన సన్నని తీగల జాలీలు. బరువు పడితే కడ్డీ కంటికి కనపడనంత వంగుతుంది, తీగ సాగి దాని నిరోధం మారుతుంది, ఆ మార్పే అంకెగా వస్తుంది. అంత సన్నని వంపు మీద పనిచేసే వస్తువును పిండి, నీళ్లు, దెబ్బల మధ్య పెడుతున్నాం.

దెబ్బే మొదటి శత్రువు. పిండి ముద్దను కాటా మీద పెట్టరు, విసురుతారు. 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన ముద్ద 2 సెంటీమీటర్లలో ఆగిందనుకుంటే ఆ కాసేపు పళ్లెం మీద సగటున 11 రెట్ల బరువు పడుతుంది. 3 కిలోల ముద్ద 33 కిలోలవుతుంది. చాలా లోడ్ సెల్స్‌ను వాటి సామర్థ్యానికి 150 శాతం దాకా సురక్షితమని చెబుతారు. 6 కిలోల కాటా ఆ లెక్కన ఎక్కడ నిలుస్తుంది? ఒక్క దెబ్బకే చావదు. కడ్డీ కాస్త కాస్త వంగిపోయి, బరువు తీశాక సున్నాకు తిరిగి రాకపోవడం మొదలవుతుంది. పళ్లెం కింద అతిబరువును ఆపే మరలు ఉన్న కాటా అడిగి తీసుకోండి. ముద్దను చేత్తో ఆనించి వదలడం నేర్పించండి. కాటాను పళ్లెం పట్టుకుని ఎత్తకూడదన్నది కూడా అప్పుడే చెప్పండి, అది కడ్డీని వెనక్కి గుంజడమే.

రెండోది పళ్లెం కింది సందు. పళ్లెం అంచు నుంచి జారిన తడిపిండి, కాటా ఒంటికీ పళ్లానికీ మధ్య చేరి రాయిలా గట్టిపడుతుంది. ఆ రాయి పళ్లాన్ని కింది నుంచి మోస్తుంది, బరువులో కొంత లోడ్ సెల్‌కు చేరదు. కాటా తక్కువ చూపిస్తుంది, మీరు ఎక్కువ కోస్తారు. చిన్న బరువులకు అంతా బాగానే ఉన్నట్టు కనిపించి, పళ్లెం కిందికి దిగే పెద్ద బరువుల దగ్గరే తప్పు వస్తుంది కాబట్టి తొందరగా దొరకదు. పళ్లెం పనిముట్లు లేకుండా చేత్తో ఊడొచ్చేదిగా, అంచులు కిందికి ముడిచినదిగా, మూలలు గుండ్రంగా ఉన్నదిగా చూడండి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ చాలు. దాన్ని క్లోరిన్ బ్లీచ్‌తో కడిగితే సూది గుంతలు పడతాయి.

దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా కాటా ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఐపీ అంకెలు చూడాలి, ఐపీ65 లాగా పక్కపక్కన రెండు ఉంటాయి. మొదటి అంకె 6 అయితే దుమ్ము లోపలికి పోదు. మైదా గాలిలో తేలే చోట ఇది తప్పనిసరి. బొద్దింకలు కూడా కాటా లోపలి వెచ్చదనానికి చేరతాయి, సర్క్యూట్ బోర్డు మీద అవి వదిలే మురికి అంకెలను పిచ్చెక్కిస్తుంది. ఆ దారీ మూసుకుంటుంది. రెండో అంకెలో 5 అంటే ఏ వైపు నుంచైనా వచ్చే నీటి ధార, 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. 7 ఉంది కదా, 5 కూడా ఉన్నట్టేనని అనుకోకండి. ముంచడానికీ ధారకూ పరీక్షలు వేరు. పైపుతో కడిగే చోటయితే ధారకు నిలిచే అంకె విడిగా రాసి ఉందో లేదో చూడండి. తడిగుడ్డతో తుడిచే బల్లకు ఐపీ65 సరిపోతుంది.

తెర గురించి ఒక మాట. పళ్లెం పక్కనే ఒంట్లో కలిసిపోయిన తెర మీద పెద్ద గిన్నె పెడితే అంకె కనపడదు. 30 కిలోల కాటాకు కర్ర మీద పైకి నిలబడే తెర గానీ, తీగతో గోడకు తగిలించుకునే తెర గానీ ఉండాలి. టేర్ మీట పెద్దదిగా, మిగతా మీటలకు దూరంగా ఉండాలి. పిండి చేత్తో రోజుకు వందలసార్లు నొక్కేది అదే, ముందు చిరిగేదీ దాని మీది పొరే. కాలితో నొక్కే టేర్ పెడల్ తగిలించుకునే వీలుంటే ఉండల బల్ల దగ్గర ఆ డబ్బు దండగ కాదు. యూనిట్ మార్చే మీటకు తాళం వేసే వీలు ఉండాలి. పొరపాటున గ్రాముల నుంచి ఔన్సుల్లోకి మారితే అంకెలు వింతగా కనిపిస్తాయి కాబట్టి పట్టుకుంటారు. కిలోల నుంచి పౌండ్లకు మారితే పట్టుకోవడం కష్టం, 10 అన్నచోట 4.5 కిలోలే పడుతుంది. తనంతట తాను ఆరిపోయే అమరికను తీసేసే వీలూ అడగండి. గిన్నె పెట్టి టేర్ నొక్కి మైదా తేవడానికి వెళ్లొచ్చేసరికి కాటా ఆరిపోతే టేర్ పోయినట్టే.

కొనేచోటే చేసి చూడాల్సిన పరీక్షలు

సామర్థ్యంలో మూడోవంతు బరువు తీసుకోండి, 6 కిలోల కాటాకు 2 కిలోలు. పళ్లెం మధ్యలో పెట్టి అంకె రాసుకుని, పళ్లెం నాలుగు భాగాల్లో ఒక్కోదాని మధ్య పెట్టి చూడండి. ఒక మెట్టుకు మించి తేడా వస్తే ఆ కాటా వద్దు. మన పనిలో ముద్ద ఎప్పుడూ సరిగ్గా మధ్యలో పడదు. ఇదే కారణంగా కాటాతో వచ్చిన పళ్లెం మీద దానికన్నా వెడల్పైన ట్రే వేసి వాడకూడదు. లోడ్ సెల్ మూలలను ఆ పళ్లెం కొలతకే సరిచేసి ఉంటారు.

తర్వాత అదే బరువును పదిసార్లు పెట్టి తీయండి. పదిసార్లూ అదే అంకె రావాలి, తీసిన ప్రతిసారీ సున్నా రావాలి.

మూడోది ఎవరూ చేయని పరీక్ష, ఈస్ట్‌కు ప్రాణం లాంటిది. ఖాళీ గిన్నె పెట్టి టేర్ నొక్కి, ఉప్పును చిటికెడు చిటికెడుగా, మధ్యలో ఆగుతూ వేయండి. కొన్ని కాటాల్లో అంకె సున్నా నుంచి కదలనే కదలదు. కాటాలు సున్నా దగ్గర వచ్చే చిన్న చిన్న మార్పులను ఉష్ణోగ్రత వల్ల వచ్చే జరుగుడు అనుకుని తమంతట తామే సర్దేస్తాయి. మీరు మెల్లగా వేసే ఈస్ట్‌ను కూడా అలాగే మింగేస్తాయి. గిన్నెలో 3 గ్రాములున్నా తెర మీద సున్నానే. అలాంటి కాటాయే ఇప్పటికే మీ దగ్గర ఉంటే, గిన్నెను దించి అందులో ఈస్ట్ వేసి మళ్లీ ఒకేసారి పెట్టండి, లేదా టేర్ నొక్కకుండా గిన్నె బరువు కలిపి లెక్కేసుకోండి.

రెండు మెట్ల కాటాలని వస్తాయి: 6 కిలోల వరకు 2 గ్రాములు, అక్కడి నుంచి 15 కిలోల వరకు 5 గ్రాములు. వినడానికి బాగుంటుంది. బరువైన గిన్నె పెట్టి, టేర్ నొక్కి, కొంచెం కొంచెంగా వేసి అంకె ఎంతెంత దూకుతుందో చూడండి. కొన్నింట్లో పెద్ద మెట్టులోకి వెళ్లాక, కాటా పూర్తిగా ఖాళీ చేసేదాకా చిన్న మెట్టుకు తిరిగి రాదు. మీరు 2 గ్రాముల కాటా కొన్నాననుకుంటారు, వాడేది 5 గ్రాములది.

పెట్టే చోటు, రోజువారీ పని

మిక్సర్ ఉన్న బల్ల మీద కాటా పెట్టకండి. పలుచని రేకు బల్ల మధ్యలో కన్నా కాళ్లకు దగ్గరగా పెడితే అదురు తగ్గుతుంది. నీటిబుడగ చూసి నాలుగు కాళ్లూ సమం చేసి, నాలుగూ నేలకు ఆనాయో లేదో మూలలు నొక్కి చూడండి. ఓవెన్ పక్కన, చల్లగాలి నేరుగా తగిలే చోట వద్దు. శీతల గది నుంచి తెచ్చిన కాటా లోపల తేమ పడుతుంది, గది వేడికి వచ్చేదాకా దాన్ని వెలిగించకండి. రోజూ పని మొదలుపెట్టడానికి పావుగంట ముందే స్విచ్ వేయాలి.

కొత్త కాటా వచ్చాక దాన్ని వాడే చోటే తూనికరాయితో సరిచేయాలి. లోడ్ సెల్ భూమి ఆకర్షణను కొలుస్తుంది. ఆ ఆకర్షణ, సెకనుకు సెకనుకు మీటర్ల లెక్కన, భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. తేడా దాదాపు అర శాతం, 10 కిలోలకు 50 గ్రాములు. ఎక్కడో సరిచేసి పంపిన కాటా మీ దగ్గర నిజం చెప్పాలని లేదు. రెండు పళ్లేల త్రాసుకు ఈ గొడవ లేదు, రెండు వైపులా అదే ఆకర్షణ కాబట్టి. ఒకే బరువు ఉండలు వందలకొద్దీ కోసే చోట, కరెంటు నమ్మకం లేని చోట త్రాసు ఇప్పటికీ మంచి పనిముట్టే. ఒక పళ్లెంలో రాయి, ఇంకో పళ్లెంలో ముద్ద, ముల్లు నిలిస్తే చాలు. దాని కత్తి అంచుల దగ్గర పిండి చేరకుండా చూసుకోవాలి.

ఎం1 తరగతి తూనికరాయి 1 కిలోది ఒకటి, 100 గ్రాములది ఒకటి కొని డబ్బాలో దాచండి. ఎం1లో కిలో రాయికి తప్పు 50 మిల్లీగ్రాములకు మించదు, 1 గ్రాము కాటాను చూసుకోవడానికి ఆ కచ్చితత్వం సరిపోయి మిగులుతుంది. రోజూ ఉదయం రెండు కాటాల మీదా రెండూ పెట్టి అంకెలు గోడమీది కాగితం మీద రాయాలి. ఒక మెట్టు తేడాకు కంగారు అక్కర్లేదు. రెండు మెట్లు దాటితే మొదట పళ్లెం ఎత్తి కింద చూడండి, తర్వాత బుడగ, తర్వాత బ్యాటరీ. ఇవన్నీ బాగుండీ తేడా నిలిస్తేనే సరిచేయడం. సరుకును తూచి అమ్మేచోట చాలా దేశాల్లో కాటాకు ప్రభుత్వ ముద్ర తప్పనిసరి, అలాంటి కాటా ముద్ర విప్పి సొంతంగా సరిచేయకూడదు.

రోజూ పని అయ్యాక పళ్లెం తీసి కడగాలి, కాటా ఒంటిని తడిగుడ్డతో తుడవాలి. ఎండిన పిండిని గోకొద్దు, తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే మెత్తబడి ఊడొస్తుంది. రాత్రి కాటా మీద గిన్నెలు, డబ్బాలు పెట్టి వెళ్లకండి. గంటల తరబడి బరువు మోసిన కడ్డీ పొద్దున్నే సున్నాకు సరిగా రాదు. లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న కాటాను పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి అలాగే వదిలేస్తే ఆ బ్యాటరీ మళ్లీ కోలుకోదు. గుర్తు కనిపించగానే చార్జింగ్‌కు పెట్టాలి, ఆ తీగ నీళ్లుండే వైపు కాకుండా గోడ వైపు నుంచి రావాలి.